అంగడిలో దొరకని ప్రాజెక్టు

హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్ విడిభాగాల విక్రయానికి ప్రసిద్ధి. రెసిస్టర్లు, కెపాసిటర్లు, ట్రాన్సిస్టర్లు అక్కడ విడివిడిగా దొరుకుతాయి. అయితే విజ్ఞాన ప్రదర్శన సమీపించగానే కొందరు విద్యార్థులు విడిభాగాలను గాక, పూర్తిగా తయారైన ప్రాజెక్టునే కొని, దానిపై తమ పేరు అతికించుకొంటున్నారు. దీపం వెలుగుతుంది, మార్కులూ వస్తాయి. ఆ కెపాసిటర్ ఎందుకున్నదని అడిగితే మాత్రం మౌనమే సమాధానం. చక్కగా పనిచేసే కొన్న పరికరం కంటే, ఇంట్లో తానే కూర్చి పనిచేయించలేకపోయిన పరికరం విద్యార్థికి ఎక్కువ నేర్పుతుందని నా అభిప్రాయం.

555 అనే చిన్న చిప్‌నే తీసుకొందాం. 1971లో హాన్స్ కామెన్‌జిండ్ రూపొందించిన ఈ టైమర్ నేటికీ కొద్ది రూపాయలకే లభిస్తున్నది. దానికి 10 కిలో ఓమ్‌ల, 68 కిలో ఓమ్‌ల రెసిస్టర్లను, 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌ను, 9 వోల్టుల బ్యాటరీని తగిన రీతిలో కలిపితే ఎల్.ఇ.డి. దీపం సుమారు సెకనుకొకసారి మినుకుమంటుంది. దీపానికి వరుసలో 470 ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి సుమా! కెపాసిటర్ విద్యుదావేశాన్ని నింపుకొని, వదులుకొనే కాలమే ఆ మినుకుల లయను నిర్ణయిస్తుంది. దాని స్థానంలో 100 మైక్రోఫారడ్లది పెడితే లయ పదింతలు మందగిస్తుంది. పాఠ్యపుస్తకంలో సూత్రంగా చదివినది అప్పుడు కంటికి కనబడుతుంది.

మొదటి ప్రయత్నంలో అది వెలగకపోవచ్చు. అసలు చదువు అక్కడే మొదలవుతుంది. ఎల్.ఇ.డి. కాళ్లు తారుమారయ్యాయా? కెపాసిటర్ ధన, రుణ ధ్రువాలు సరిగా ఉన్నాయా? కొన్ని బ్రెడ్‌బోర్డులలో అంచునుండే విద్యుత్ వరుస మధ్యలో తెగి ఉంటుంది. ఆ సంగతి తెలియక గంటలు గడిచిపోతాయి. మల్టీమీటరుతో ఒక్కొక్కచోట వోల్టేజి కొలుస్తూ, అనుమానాలను ఒక్కొక్కటిగా తొలగిస్తూ దోషాన్ని పట్టుకోవాలి. ఫలితం ముందే తెలిసిన రికార్డు ప్రయోగాలలో ఈ అన్వేషణకు తావెక్కడ?

ఖరీదైన ప్రయోగశాల లేదనే సాకు చెల్లదు. జగదీశ్ చంద్ర బోస్ 1890లలో కలకత్తాలో సూక్ష్మ తరంగాలను పరిశోధించినప్పుడు తన పరికరాలను స్థానిక రేకుపనివాని సాయంతో చేయించుకొన్నారు. తరంగాల ధ్రువణాన్ని పరిశీలించడానికి రైల్వే కాలపట్టిక పుస్తకపు పుటల నడుమ తగరపు రేకులు పెట్టి వాడుకొన్నారు. ఆ పుస్తకానికి అంతకు మించిన గౌరవం ఏముంటుంది!

ఇంట్లో ఇటువంటి పనులు ప్రమాదకరమని పెద్దలు భయపడడంలో న్యాయముంది. 230 వోల్టుల గృహ విద్యుత్తు ప్రాణాంతకం. పాత టీవీలోని కెపాసిటర్లు ప్లగ్గు తీసిన తరువాత కూడా విద్యుదావేశాన్ని నిలుపుకొంటాయి. కనుక ఆరంభంలో బ్యాటరీతోనే పనిచేయాలి. సోల్డరింగ్ చేసేటప్పుడు కిటికీ తెరిచి ఉంచాలి. సోల్డర్ తీగలో సీసం ఉండవచ్చు కాబట్టి పని ముగియగానే చేతులు కడుక్కోవాలి. చదువు పాడవుతుందనే మాటను మాత్రం నేను అంగీకరించను.

ప్రదర్శనల తీరు కూడా కొంత మారాలి. న్యాయనిర్ణేతలు వెలుగుతున్న దీపాన్ని చూసి ముందుకు సాగిపోకుండా, ఒక తీగను ఊడదీసి, విద్యార్థికి మల్టీమీటరు అందించి, పది నిమిషాలు అక్కడే నిలబడాలి.