పంకా మెల్లగా తిరిగితే బీమారీనా?

"ఫ్యాన్ స్లో అయిపోయింది, మార్చాలె." చిక్కడపల్లి నుంచి నారాయణగూడ చౌరస్తా దాకా, అటు అశోక్ నగర్ గల్లీల దాకా, కంప్యూటర్ రిపేరు దుకాన్లలో ఈ మాట ఎంత ఆసానీగా దొర్లుతదో! సబూత్ అడిగితే కొత్త పంకా డబ్బా చూపిస్తరు. దాని మీద 2000 ఆర్‌పీఎం అని అచ్చు. మన కంప్యూటర్ తెర మీద 900. "సగం కూడా లేదు చూడండి" అంటరు. డిగ్రీలు చేసిన పిల్లలు కూడా ఇంకో సవాల్ లేకుండా జేబులో చెయ్యి పెడతరు.

ఆ 900 బీమారీ కాదు భాయ్, హుకుం. మదర్‌బోర్డు ఇచ్చిన హుకుం.

ప్రాసెసర్ మీద కూర్చునే పంకాకు ఈ రోజుల్లో నాలుగు తీగలు ఉంటయి. రెండు తీగలు 12 వోల్టుల కరెంటువి. మూడోది, నేను ఇంత వేగంతో తిరుగుతున్న అని బోర్డుకు ఖబర్ చేరవేసేది. నాలుగోది, నువ్వు ఇంతే తిరగాలె అని బోర్డు చెప్పేది. ఆ నాలుగో తీగ మీద సెకనుకు దాదాపు 25 వేల సార్లు ఆన్, ఆఫ్ అయ్యే సిగ్నల్ పోతది. అందులో ఆన్ వంతు ఎంత ఎక్కువుంటే పంకాకు అంత జోరు. మూడు తీగల పాత పంకా అయితే బోర్డు వోల్టేజీనే తగ్గిస్తది, 12 ఇచ్చే చోట 7 ఇస్తది. ఏ పద్ధతి అయినా మతలబు ఒకటే: ప్రాసెసర్ చల్లగా ఉంటే పంకా ఆరాంగా తిరుగుతది, గర్మీ పెరిగితే జోరు అందుకుంటది. డబ్బా మీద 2000 అంటే పూర్తి 12 వోల్టులు ఇచ్చి, అడ్డు లేకుండా వదిలితే అందే ఆఖరి హద్దు. పొద్దంతా అంత తిరుగుతా అని పంకా ఎవరికీ మాట ఇయ్యలేదు. ఆటో మీటర్ మీద 100 అంకె ఉందని సుధా హోటల్ గల్లీలో 100 మీద పోనిచ్చే డ్రైవర్ ఎవరన్నా ఉన్నడా?

ఎందుకు తగ్గిస్తరంటే అందులో ఫాయిదా ఉంది. పంకా వేగం సగమైతే హవా కూడా సగమవుతది, నిజమే. కానీ దాన్ని తిప్పడానికి కావాల్సిన తాకత్ ఎనిమిదో వంతుకు పడిపోతది. ఆవాజ్ దాదాపు 15 డెసిబెల్స్ తగ్గుతది. ఒకే గదిలో ముగ్గురు పడుకునే హాస్టల్లో రాత్రి రెండింటికి చదువుకునేటోళ్లకు ఆ 15 డెసిబెల్స్ విలువేందో నేను చెప్పాల్నా?

మా ఖాలా బిడ్డ అశోక్ నగర్‌లో ఉండి గ్రూప్స్‌కు తయారవుతోంది. సిటీ సెంట్రల్ లైబ్రరీలో సీటు దొరకని రోజుల్లో గదిలోనే వీడియో క్లాసులు, మాక్ టెస్టులు చూసుకోవచ్చని సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ ఒకటి కొనుక్కుంది. ఏప్రిల్ ఎండలు మొదలయ్యేసరికి పరీక్ష మధ్యలో తెర బిగుసుకుపోవుడు మొదలైంది. దుకాన్ పేరు వద్దు. అక్కడ ఫ్యాన్ పోయిందన్నరు, దాంతో ఎస్ఎంపీఎస్ కూడా పోయిందన్నరు, 2,600 తీసుకున్నరు. నాలుగో రోజుకు మళ్లీ అదే కథ. నేను పోయి పక్క తలుపు విప్పి చూసిన. కొత్త పంకా మెరుస్తూ ఫుల్ జోరులో తిరుగుతున్నది. దాని కింద హీట్‌సింక్ రెక్కల మధ్య ధూళి, వెంట్రుకలు కలిసి దూది పరుపు లెక్క పేరుకున్నయి. కొత్త పంకా బిగించిన చెయ్యి ఆ పరుపును ముట్టుకోనే లేదు!

అసలు గలత్‌ఫెహ్‌మీ ఇక్కడే ఉంది. తెర మీది ఆర్‌పీఎం పంకా ఎన్ని చుట్లు తిరిగిందో చెప్తది, హవా ఎంత పోయిందో చెప్పదు. రెక్కల సందులు మూసుకుపోతే పంకా 2000 తిరిగినా గర్మీ అక్కడే ఉంటది. ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య పూసిన పేస్టు ఎండిపోయినా అంతే. డబ్బాను బీరువా అరలో పెట్టి, వెనక గోడకు ఆనిస్తే అదే వేడి హవా మళ్లీ లోపలికి పోతది. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు చాలావరకు 100 డిగ్రీల దగ్గర తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటయి. ఆ బిడ్డకు కనిపించిన హ్యాంగ్ అదే. బుఖార్ ఒకచోట, ఇలాజ్ ఇంకోచోట.

పంకాలకు ఎప్పుడూ ఏ బీమారీ రాదని నేను అనను. సస్తా రకం స్లీవ్ బేరింగ్ పంకాల్లో నూనె ఎండుతది, గరగర మొదలవుతది, కొన్ని వేలితో నెడితే తప్ప కదలవు. అట్లాంటివి మార్చాల్సిందే. కొన్నిసార్లు తప్పు బిగింపులో ఉంటది. ఆవాజ్ తగ్గాలని ఎవరో మధ్యలో రెసిస్టర్ తీగ పెట్టి మరిచిపోతరు. రెండు పంకాలను ఒకే స్ప్లిటర్‌కు తగిలించి రెండింటి ఖబర్ తీగలనూ కలిపేస్తే, తెర మీద అర్థం లేని అంకెలు వస్తయి. ఎందుకంటే పంకా చుట్టుకు రెండు సార్లు ఖబర్ పంపుతది, బోర్డు వాటిని లెక్కపెట్టి వేగం చెప్తది. రెండు ఖబర్లు కలగలిస్తే ఏం లెక్కపెడ్తది పాపం!

తేల్చుకునే తరీఖా ఒక్క పైసా ఖర్చు లేనిది. బయోస్‌లోకి పోయి ఫ్యాన్ సెట్టింగ్‌ను ఫుల్ స్పీడ్‌లో పెట్టండి. రెండు నిమిషాలు ఆగి అంకె చూడండి. కంపెనీల కాగితాల్లో మామూలుగా 10 శాతం అటూ ఇటూ అని రాసి ఉంటది, అంటే 2000 పంకా 1800 చూపించినా దానిలో ఏ ఖోట్ లేదు. ఫుల్‌లో పెట్టినా 1200 దాటకపోతే అప్పుడు దుకాన్‌దార్ మాట వినండి.

కంపెనీలను కూడా వదలొద్దు. డబ్బా మీద పెద్ద అంకె ఒక్కటే వేసి, కనీస వేగం, 10 శాతం సంగతి చిన్న అక్షరాల్లో దాచేది వాళ్లే. రంగురంగుల లైట్ల సస్తా పంకాల మీద ఆ చిన్న అక్షరాలు కూడా దొరకవు. మన నెత్తి మీది సీలింగ్ ఫ్యాన్‌కు 2023 జనవరి 1 నుంచి స్టార్ లేబుల్ తప్పనిసరి. ఆ స్టార్లు చుట్లు లెక్కపెట్టి ఇయ్యరు. ఒక వాట్ కరెంటుకు నిమిషానికి ఎన్ని ఘనపు మీటర్ల గాలి ఇస్తదో కొలిచి ఇస్తరు. కంప్యూటర్ పంకా మీద ఆ స్టార్ లేదు, కాబట్టి పెద్ద అంకె వేసినోడిదే బజార్.

గల్లీ దుకాన్‌దార్లకు కిరాయిలు ఉన్నయి, పిల్లల ఫీజులు ఉన్నయి, నాకు తెలుసు. సాఫ్ చేస్తే ఎవరూ పైసలియ్యరు, సామాను మారిస్తేనే ఇస్తరు అని వాళ్ల షికాయత్. అందులో సచ్చాయి ఉంది, మనం కూడా మెహనత్‌కు విలువ కట్టం. అందుకే అంటున్న: ధూళి దులిపి కొత్త పేస్టు పూసినందుకు 300 తీసుకో భాయ్, హక్కుగా తీసుకో. కానీ పంకా మార్చే ముందు ఫుల్ స్పీడ్ అంకె గిరాకీ కళ్ల ముందు చూపించు. పాత పంకాను ఆ బిడ్డ చేతిలో పెట్టు. ఏం మార్చినవో బిల్లు మీద రాసి ఇయ్యి. ఇయ్యను అంటే, ఆపా, బేటా, 1915కు ఫోన్ చేయండి. అది వినియోగదారుల నేషనల్ హెల్ప్‌లైన్, తెలుగులో కూడా మాట్లాడుకోవచ్చు.