కంటిచూపు చాలదు

మన కళాశాల ప్రధాన భవనంలో ఇంటర్నెట్ ఉన్నది. 300 మీటర్ల దూరాననున్న వసతి గృహంలో లేదు. రాత్రివేళ చదువుకొనవలసిన విద్యార్థులకు ఇది చిన్న కొరత కాదు. రెండు మేడలపై యాంటెనాలు నిలిపి, తీగ లేకుండ కలుపవలెనన్న ఆలోచనను మేము మనసార స్వాగతిస్తున్నాము. అయితే ఒక మనవి.

ఒక మేడ నుండి మరొక మేడ కనిపించినంత మాత్రాన దారి సుగమమని తలపరాదు. రేడియో తరంగం దారమువలె సాగదు; నూలు చుట్టిన కదురువలె నడుమ ఉబ్బి సాగుతుంది. 5.8 గిగాహెర్ట్జ్ వద్ద ఇంత దూరానికి ఆ ఉబ్బు మధ్యరేఖకు నలువైపుల సుమారు 2 మీటర్లు. అందులో కనీసం 60 శాతం మేర అడ్డు ఉండరాదు. నడుమనున్న వేపచెట్టు ఫిబ్రవరి, మార్చి నెలలలో ఆకు రాల్చినపుడు పరీక్షించి తృప్తిపడితే, జూలై వానలలో తడిసిన గుబురు ఆకులు తరంగాన్ని మింగివేస్తాయి.

కావున వానకాలపు చెట్టును, అది ఇకముందు పెరుగబోవు ఎత్తును లెక్కించి స్తంభం ఎత్తు నిర్ణయించవలెను. చెట్టును నరుకుట పరిష్కారం కాదు. పిడుగుల భయమున్నందున స్తంభాన్ని తీగతో భూమికి కలుపుట మరువరాదు. యంత్రాలు కొని దారి వెదకుటకంటె, దారి చూచి యంత్రాలు కొనుట మేలు. కమిటీ పెద్దలకు ఇదే మా విన్నపము.