కెమెరా చూడని కాన్పుగది

ప్రత్యేక సంచికకు ఈ విషయం మీద రాస్తానంటే మిత్రులు నవ్వారు. "మగపిల్లాడివి, కాన్పుల గొడవ నీకెందుకురా? సైన్సు మీద ఏదైనా రాసుకో" అన్నారు. కాన్పు సైన్సు కాదా? జువాలజీ చదివే మనల్ని కప్ప పిండం ఎలా పెరుగుతుందో అడిగితే టకటకా బొమ్మ గీసి చూపిస్తాం. సొంత అక్కకు ఏ కాన్పు అయిందో, ఎందుకు అలా అయిందో మాత్రం చెప్పలేం. మనకున్న ఆ కాస్త జ్ఞానమూ టి.వి. పెట్టిన భిక్షే!

మరి టి.వి. ఏం చూపిస్తున్నది? భద్రాచలం దాటాక అడవి గూడెంనుంచి గర్భిణిని డోలీ కట్టి మోసుకొస్తుంటే కెమెరా వెంటపడుతుంది. వాగు, బురద, మోసేవాళ్ళ కాళ్ళు, నొప్పులు పడుతున్న ఆమె ముఖం, వెనుక ఏడుపు సంగీతం. అంబులెన్సు తలుపు మూసుకోగానే కథ సమాప్తం. ఇలాంటి కథనాల వల్ల అధికారులు కదిలి రోడ్డు వేసిన సందర్భాలు ఉంటాయి, కాదనను. కాని ఆ తల్లిని అడిగే ఆమె ముఖం చూపించారా? హైదరాబాదు ఖరీదైన ఆస్పత్రిలో నొప్పులు పడే ఇల్లాలి ముఖాన్ని అలా చూపించే ధైర్యం ఏ ఛానలుకైనా ఉందా?

భద్రాచలం ఏరియా ఆస్పత్రికి మన రాష్ట్రంవాళ్ళే కాదు, ఛత్తీస్‌గఢ్, ఒడిశా, ఆంధ్ర సరిహద్దు గూడేలవాళ్ళూ కాన్పులకు వస్తారు. 2021 నవంబరులో కలెక్టరుగారి భార్య అక్కడే ప్రసవించినప్పుడు అది పెద్ద వార్త అయింది. మంచిదే, జనానికి నమ్మకం కలుగుతుంది. పక్క మంచాలమీది కోయ తల్లుల మాట మాత్రం నేను చూసినంతలో ఎవరూ అడగలేదు.

పాశ్చాత్యులు మనకంటె మేలు అనుకోనవసరం లేదు. 2010లో బ్రిటన్ ఛానల్ 4 వారు 'వన్ బార్న్ ఎవ్రీ మినిట్' అనే ధారావాహిక మొదలుపెట్టారు. సౌతాంప్టన్‌లోని ఆస్పత్రిలో దాదాపు 40 కెమెరాలు బిగించి తీశారు. పన్నెండు గంటల నొప్పులను పది నిముషాలకు కుదిస్తే మిగిలేది ఏమిటి? అరుపులు, పరుగులు, చివర బిడ్డ ఏడుపు. అది చూసిన ఆడపిల్లకు "అమ్మో, ఆపరేషనే నయం" అనిపించదా? దానికంటె 2017లో వచ్చిన 'మదర్‌ల్యాండ్' నాకు నచ్చింది. మనీలాలోని ఫాబెల్లా ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రి కథ. ఒకే మంచంమీద ఇద్దరేసి బాలింతలు! వ్యాఖ్యానం లేదు. ఆ తల్లులు మాట్లాడుకుంటారు, మనం వింటాం.

ఇప్పుడు మన అసలు సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే జరిగాయి. 2017లో మొదలైన కె.సి.ఆర్. కిట్ వంటివి జనాన్ని సర్కారు ఆస్పత్రివైపు తిప్పాయి. లక్ష కాన్పులకు 2016-18లో 63గా ఉన్న తల్లుల మరణాలు 2018-20 నాటికి 43కి దిగాయి. గర్వపడాల్సిందే. అయితే అదే సర్వేలో నూటికి 60.7 పెద్దాపరేషన్లే. దేశం మొత్తం మీద ఆ లెక్క 21.5. మన ప్రైవేటు ఆస్పత్రుల్లోనైతే 81.5! ప్రాణం నిలిపే ఆపరేషన్లు ఉన్నాయి. కాని నూటికి ఎనభైమంది తల్లులకు కోత తప్పదా? ఈ ప్రశ్నమీద డోలీ అంత గొప్ప డాక్యుమెంటరీ ఎక్కడ?

మా పెదనాన్న కూతురికి ఒక ప్రైవేటు ఆస్పత్రిలో రాత్రి తొమ్మిదింటికి నొప్పులు మొదలైతే పదకొండింటికల్లా "ఉమ్మనీరు తగ్గింది, ఆపరేషన్ చెయ్యాలి" అన్నారు. బావ సంతకం పెట్టాడు. కాగితం ఇంగ్లీషులో ఉంది. వాళ్ళు చెప్పింది నిజమే కావచ్చు, కాకపోవచ్చు. అడిగే చదువు మాలో ఎవరికీ లేదు. బిల్లు మూడు క్వింటాళ్ళ మిర్చి డబ్బులు. అందరి తప్పూ డాక్టర్లదే అననుగాక అనను. పంచాంగం పట్టుకుని "ఫలానా ముహూర్తానికే బిడ్డను తియ్యండి" అని వెళ్ళే పెద్దమనుషులు మా ఖానాపురం హవేలిలోనూ ఉన్నారు.

మా ఇంట్లో బర్రె ఈనే రాత్రి నాన్న కొట్టంలోనే మంచం వేసుకుంటాడు. తొందరపెట్టడు. కాళ్ళు కనిపించినా ఊరికే చెయ్యి వెయ్యడు, అడ్డం తిరిగిందనిపిస్తే పశువుల డాక్టరుకు ఫోను చేస్తాడు. పోలిక మోటుగా ఉంటే అక్కలు, చెల్లెళ్ళు మన్నించాలి. కనిపెట్టుకుని కూర్చోవడం కూడా వైద్యంలో భాగమే అంటున్నాను. ఆ కూర్చోవడం కెమెరాకు పనికిరాదు. అందులో పరుగు లేదు, సంగీతం పెట్టడానికి చోటు లేదు.

ఇంకో సంగతి. సర్కారు ఆస్పత్రి కాన్పుగదిలో తల్లి పక్కన ఆమెకు నచ్చిన ఆడమనిషి ఒకరు ఉండవచ్చని కేంద్ర ప్రభుత్వం 2016లోనే అనుమతించింది. మా వాడలో పదిమందిని అడిగాను, ఒక్కరికీ తెలియదు. టి.వి. ఈ ఒక్క ముక్క చెప్పినా ఎంతోమంది అమ్మలు వరండాలో పడిగాపులు పడే బాధ తప్పేది.

మిత్రులారా, ఫోన్లు మన చేతుల్లోనే ఉన్నాయి కదా! ఈ ఏడు ఎన్.ఎస్.ఎస్. క్యాంపులో మొక్కలు నాటే ఫోటోలు కొన్ని తగ్గించుకుని, ఆ ఊరి తల్లులు ఒప్పుకుంటే వాళ్ళ మాటలు రికార్డు చేద్దాం. ముఖాలు అక్కరలేదు, గొంతు చాలు. మొదటి ప్రశ్న నేను రాసి పెట్టుకున్నాను: "ఆపరేషన్ చెయ్యాలని మీకు ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఏమని చెప్పారు?"