పిల్లల చెవికి 85 ఎక్కువే

కోఠి గుజరాతీ గల్లీలోనో, అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లోనో చిన్నపిల్లల హెడ్‌ఫోన్స్ అడిగితే కౌంటర్ మీదికి ముందుగా వచ్చేవి పిల్లిచెవులవి. ఆ వెనక లైట్లు వెలిగేవి, యూనికార్న్ బొమ్మవి. "బేస్ బాగుంటది మేడమ్, పిల్లలకు ఇదే ఎక్కువ పోతుంది" అంటాడు దుకాణదారు. ఏడేళ్ల పాప అప్పటికే గులాబీరంగుది తలకు తగిలించేసుకుని ఉంటుంది. పెట్టె మీద ఓ మూల '85 డెసిబెల్స్, పిల్లలకు సురక్షితం' అన్న మాట కనిపించగానే తల్లి మనసు కుదుటపడుతుంది. డబ్బు చేతులు మారుతుంది.

ఆ 85 దగ్గరే కాసేపు ఆగాలి.

ఆ అంకె పిల్లల కోసం పుట్టినది కాదు. రోజుకు 8 గంటలు యంత్రాల మోతలో పనిచేసే పెద్దవాళ్ల కోసం పుట్టింది. అమెరికాలో కార్మికుల ఆరోగ్యంపై పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ నియోష్ 1972లో ఈ హద్దు గీసింది. 1998లో లెక్కలన్నీ తిరగదోడి మళ్లీ ఖాయం చేసింది. 40 ఏళ్ల ఉద్యోగ జీవితమంతా ఆ మోతలో గడిపినవారిలో నూటికి 8 మందికి ఆ కారణంగానే వినికిడి దెబ్బతింటుందని ఆ లెక్కే చెబుతోంది. అంటే ఆ ఎనిమిది మందికి నష్టం తప్పదని తెలిసే గీసిన గీత అది. దాన్ని తెచ్చి ఒకటో తరగతి పాప పెట్టె మీద 'సురక్షితం' అని అచ్చువేయడం ఏ విధంగా చూసినా సరైన పని కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి 2019లో విడుదల చేసిన ప్రమాణం పిల్లలకు వేరే హద్దు పెట్టింది. పెద్దలైతే వారానికి 40 గంటలు 80 డెసిబెల్స్ దగ్గర వినవచ్చు. పిల్లలైతే అదే 40 గంటలకు 75 దాటకూడదు. 75కూ 85కూ తేడా పదేగా అనిపిస్తుంది. కానీ డెసిబెల్ మామూలు కూడికల కొలత కాదు. మూడు పెరిగితే చెవిలో పడే ధ్వనిశక్తి రెట్టింపు, పది పెరిగితే పదింతలు. కాబట్టి 75 దగ్గర 40 గంటలు వినగలిగే పిల్లకు 85 దగ్గర దక్కేది వారం మొత్తానికి 4 గంటలే. ఆదివారం ఒక తెలుగు సినిమా చూస్తే అందులో సగం పైనే అయిపోతుంది. ఈ లెక్క ఏ పెట్టె మీదా ఉండదు.

పోనీ ఆ 85 అయినా నిజమేనా? వస్తువులను పరీక్షించి కొనుగోలుదారులకు సలహాలిచ్చే అమెరికన్ సంస్థ వైర్‌కటర్ 2016లో 30 రకాల పిల్లల హెడ్‌ఫోన్స్‌ను కొలిచి చూసింది. వాటిలో దాదాపు సగం చెప్పిన హద్దులో ఆగలేదు. దీనికి కారణం పెద్ద రహస్యమేమీ కాదు. చవక రకాల్లో వైరు మధ్యలో ఒక చిన్న రెసిస్టర్ పెట్టి సౌండ్‌ను అణుస్తారు. ఒక ఫోన్ తక్కువ కరెంటు పంపుతుంది, ఒక ల్యాప్‌టాప్ ఎక్కువ పంపుతుంది. రెసిస్టర్ మాత్రం ఒకటే. ఫోన్‌కు పెట్టినప్పుడు హద్దులో ఉన్నది ల్యాప్‌టాప్‌కు పెట్టగానే హద్దు దాటుతుంది. బ్లూటూత్ రకాల్లో యాంప్లిఫయర్ హెడ్‌ఫోన్ లోపలే ఉంటుంది కాబట్టి అక్కడ పెట్టిన హద్దు ఇంతకంటే నిలకడగా పనిచేస్తుంది. అయితే బ్లూటూత్ వాటికే వైరు తగిలించి వాడితే కొన్నిటిలో ఆ హద్దు వర్తించదు.

చెవి లోపల నత్తగుల్లలా చుట్టుకున్న భాగంలో దాదాపు 15 వేల వెంట్రుక కణాలుంటాయి. పుట్టుకతో వచ్చినవే జీవితాంతం. పోతే మళ్లీ మొలవవు. పెద్ద సౌండ్‌కు ముందుగా దెబ్బతినేవి సన్నని, కీచు శబ్దాలను పట్టుకునే కణాలు. మన భాషలో స, శ, ష లాంటి హల్లుల్ని విడివిడిగా పోల్చుకోవడానికి కావలసినవి ఆ శబ్దాలే. అచ్చులు గట్టిగానే వినిపిస్తుంటాయి కనుక పిల్లకు వినికిడి తగ్గిందని ఎవరికీ తోచదు. డిక్టేషన్‌లో తప్పులు వస్తే ధ్యాస లేదని తిడతారు. చెవిలో గుంయ్‌మంటున్నా పిల్లలు తమంతట తాము చెప్పడం అరుదు. అందరికీ అలాగే ఉంటుందనుకుంటారు.

పిల్లల హెడ్‌ఫోన్స్ చాలా ఇళ్లలోకి అవసరం కొద్దీ వచ్చాయి. కరోనాతో బడులు మూతపడి, 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో పాఠాలు మొదలయ్యాయి. ప్రైవేటు బడుల పాఠాలు ఫోన్లలో నడిచాయి. రెండు గదుల ఇంట్లో ఇద్దరు పిల్లలకు ఒకే వేళ క్లాసులైతే చెవిలో ఏదో ఒకటి పెట్టుకోక తప్పలేదు. ఆ తర్వాత బడులు తెరిచారు. హెడ్‌ఫోన్స్ మాత్రం కార్టూన్లకు, గేములకు, బస్సు ప్రయాణాలకు అలాగే ఉండిపోయాయి.

వాటిని తీసి అవతల పారేయమని ఎవరూ అనలేరు. కానీ కొనేటప్పుడు చూడవలసింది బొమ్మా కాదు, బేసూ కాదు. మాట స్పష్టంగా వినిపిస్తోందా, బయటి రొద లోపలికి రాకుండా ఆగుతోందా అన్నవి రెండే. పిల్లలు సౌండ్ పెంచేది అల్లరికి కాదు, వినపడక. వంటింట్లో మిక్సీ తిరుగుతుంటే, పైన ఫ్యాను గరగరలాడుతుంటే, ఆర్టీసీ బస్సు ఇంజను హోరెత్తుతుంటే కథలో కుందేలు ఏమన్నదో తెలియక పెంచుతారు. బేస్ దట్టించిన చవక హెడ్‌ఫోన్స్‌లో ఆ దరువు కింద మాట మునిగిపోతుంది. అప్పుడు ఇంకొంచెం పెంచుతారు. మంచి సౌండ్ అంటే సంగీతప్రియుల సరదా అనుకుంటాం. పిల్లల విషయంలో మాత్రం అది చెవికి రక్షణ. మాట తేటగా వినపడితే సగం వాల్యూమే చాలు.

అందుకని చెవిని పూర్తిగా కమ్ముకునే మెత్తని దిండ్లున్న రకం మేలు. చెవి మీద ఊరికే ఆనుకుని కూర్చునే రకం రొదను ఆపదు. చెవి రంధ్రంలోకి దూర్చే ఇయర్‌బడ్స్ చిన్నపిల్లలకు అసలు వద్దు. వాళ్ల చెవి గొట్టం ఇరుకు, ఆ కొద్ది చోటులో అదే సౌండ్ మరింత ఒత్తిడితో పడుతుంది. ఇక్కడ మన ఎండల సంగతీ తలచుకోవాలి. మే నెలలో విజయవాడలో చెవిని కమ్మే రెగ్జిన్ దిండు పది నిమిషాల్లో చెమటతో తడుస్తుంది. పిల్ల విసుక్కుని తీసేస్తుంది. గుడ్డ తొడుగున్నవి, విడిగా తీసి మార్చుకోగలిగేవి దొరికితే ఓ వంద ఎక్కువైనా పెట్టవచ్చు.

వైరా, బ్లూటూతా అన్నది ఇంట్లో ఉన్న పరికరాన్ని బట్టి తేలుతుంది. అదే ధరకు వైరుదే బాగా పలుకుతుంది, చార్జింగ్ గొడవ ఉండదు. కానీ ఇప్పటి ఫోన్లు చాలావాటికి ఆ గుండ్రటి రంధ్రమే లేదు. మరీ చిన్నపిల్లలకు మెడకు వైరు చుట్టుకునే భయమూ ఉంది. మూడేళ్ల లోపు బిడ్డకైతే ఏదీ అక్కర్లేదు. గదిలో స్పీకరు మెల్లగా పెడితే చాలు. నిజానికి ఆరేళ్ల పిల్లకు కూడా ఇంట్లో ఉన్నంతసేపు అదే మంచిది. ఆ కార్టూన్ పాట పదిసార్లు వినవలసి రావడం పెద్దవాళ్లకు కష్టమే, కానీ పిల్ల ఏం వింటోందో ఇంట్లో అందరికీ తెలుస్తుంది.

పెట్టె మీది అంకె కంటే ఫోన్ సెట్టింగ్ ఎక్కువ పనికొస్తుంది. శామ్‌సంగ్ ఫోన్లలో మీడియా వాల్యూమ్ లిమిట్ పెట్టి పిన్‌తో తాళం వేయవచ్చు. ఐఫోన్‌లో హెడ్‌ఫోన్ సేఫ్టీ కింద హద్దును 75 డెసిబెల్స్ దాకా దించవచ్చు. ఆపిల్‌వి కాని హెడ్‌ఫోన్స్‌తో ఆ కొలత అంచనా మాత్రమే, అయినా హద్దు లేకపోవడం కంటే ఎన్నో రెట్లు నయం. ఇందుకు పైసా ఖర్చు లేదు, రెండు నిమిషాల పని.

తయారీదారులు చేయవలసిన పని వేరే ఉంది. 85 అని అచ్చువేసేవారు దాన్ని ఏ పరికరానికి తగిలించి కొలిచారో, ఆ సౌండ్ వారానికి ఎన్ని గంటలు వినవచ్చో అదే పెట్టె మీద తెలుగులో, హిందీలో, ఇంగ్లిషులో రాయాలి. పిల్లలవని చెప్పి అమ్మే ప్రతి జతా 75 దగ్గర ఆగాలని ప్రభుత్వం నిబంధన పెట్టాలి. పాలడబ్బా మీద ఏముందో చదివి కొనే హక్కు తల్లికి ఉన్నప్పుడు, చెవికి తగిలించే వస్తువు విషయంలోనూ ఉండాలి.

అంతవరకు కొనే రోజు ఇంట్లో వాడే ట్యాబ్‌నే దుకాణానికి తీసుకెళ్లాలి. అందులో పాట కాకుండా పిల్లకు తెలియని తెలుగు కథ ఒకటి ఉంచుకోవాలి. సగం వాల్యూమ్‌లో ముందు పెద్దవాళ్లు వినాలి. దుకాణం ఫ్యాను తిరుగుతుండగానే ప్రతి మాటా తెలియాలి, 'శ'కూ 'స'కూ తేడా చెవికి అందాలి. తర్వాత పిల్లకు పెట్టి, సౌండ్ ఆపి, చేయి చాచినంత దూరం నుంచి మామూలు గొంతుతో పేరు పెట్టి పిలవాలి. తల తిప్పితే కథ మొదలుపెట్టి మళ్లీ పిలవాలి. ఈసారి తిప్పకపోతే వాల్యూమ్ రెండు గీతలు తగ్గించి ఇంకోసారి పిలవాలి. పిల్ల తిరిగి చూసిన గీత దగ్గరే సెట్టింగ్‌కు తాళం వేయాలి. అంత తక్కువలో కథ అర్థం కావడం లేదని పిల్ల అంటే, పిల్లిచెవులు ఎంత ముద్దుగా ఉన్నా ఆ జతను కౌంటర్ మీద వదిలేసి ఇంకోటి చూపించమని అడగాలి.