వెబ్ పుటల ఓనమాలు



అమీర్‌పేట యనఁగానే పలువురకు మైత్రీవనము, ఆదిత్య ఎన్‌క్లేవుల చెంతనున్న కంప్యూటరు శిక్షణాలయములే స్ఫురించును. 2018 సెప్టెంబరులో ఎల్.బి. నగరు మెట్రో మార్గము తెఱచినది మొదలు పంజాగుట్టనుండి అచ్చటికి ఒక్క స్టేషను దూరమే. అయినను పసిబిడ్డను విడిచి పోఁజాలని తల్లికిని, రుసుము చెల్లింపఁజాలని బాలికకును ఆ యొక్క స్టేషనును దూరమే. అట్టివారికి ఇంటికడనే వెబ్ పుటల నిర్మాణమును నేర్పు పుట నెవరైనఁ గూర్పఁదలఁచినచో, అది యెట్లుండవలెనో విచారింతము.

వెబ్ పుటకు హెచ్.టి.ఎమ్.ఎల్. కట్టడము వంటిది. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది జాబితా యని అది తెలుపును. 1996లో ప్రమాణముగా వెలువడిన సి.ఎస్.ఎస్. అలంకారము వంటిది. రంగులు, అక్షరముల పరిమాణము దాని పని. క్రొత్తవారికి ఈ రెంటిని ఒక్కనాఁడే చెప్పరాదు. గడప నిలుపక మునుపే ముగ్గు పెట్టువారు గలరా?

తొలిపాఠమున గోంగూరపచ్చడి చేయు విధమును వ్రాయింపవలెను. పచ్చడి పేరు శీర్షిక యగును. దినుసులకు వరుసతోఁ బనిలేదు గాన వానికి చుక్కల జాబితా. చేయు విధమునకు వరుస తప్పరాదు గాన దానికి అంకెల జాబితా. ఈ భేద మెఱిఁగినచోఁ గట్టడమునకు మూలము తెలిసినట్లే. దీనికి వెలపెట్టి కొనవలసిన దేదియు లేదు. కంప్యూటరునందలి నోట్‌ప్యాడులో వ్రాసి, హెచ్‌టిఎమ్‌ఎల్ అను తోకపేరుతో భద్రపఱచి, బ్రౌజరులోఁ దెఱచినఁ జాలును. అంతర్జాలముతోఁ గూడఁ బనిలేదు.

మన తెలుఁగునకు మఱి రెండు జాగ్రత్తలు గలవు. 1991 నాఁటి యూనికోడు తొలి ప్రమాణముననే మన లిపికి స్థానము లభించెను. అయినను పుట మొదట యు.టి.ఎఫ్-8 అని తెలుపకున్నచో అక్షరములు పిచ్చిగీఁతలుగాఁ గనఁబడవచ్చును. ఇంక మన వత్తులు క్రిందికి దిగును గాన, పంక్తుల నడుమ ఎడము ఇంగ్లీషునకంటె హెచ్చుగా నుంచవలెను.

అన్నిటికంటె ముఖ్య మొకటి: పాఠము చెప్పు పుట తానే పాఠము గావలెను. కంప్యూటరుపైఁ గంట్రోలు మీటను, యు మీటను గలిపి నొక్కినఁ బుట వెనుకనున్న వ్రాఁత కనఁబడును. అచ్చట అభ్యాసకురాలు తాను నేర్చిన గురుతులనే చూచినచో ధైర్యము గలుగును. అర్థముగాని చిక్కుముడులు చూచినచో మఱునాఁడు రాదు. ఫోనుపైఁ జదువువా రనేకులు గాన, చిన్న తెఱపై నది యెట్లు గనఁబడునో ముందే చూచుకొనవలెను.

పుట సిద్ధమైన పిమ్మట, ఈ విద్య నేమియు నెఱుఁగని పొరుగింటి యమ్మచేఁ జదివింపుఁడు. ఆమె యెచ్చట నాఁగునో యచ్చటనే తిరిగి వ్రాయుఁడు. ఆ లోపము పాఠమునదే కాని యామెది కాదు.