ట్రిప్ స్విచ్చి ఊరికే పడదు

వానాకాలం వచ్చిందంటే చాలా ఇళ్లలో ఒకటే మాట వినిపిస్తుంది: "మళ్లీ ట్రిప్పయింది. ఊరికే పడిపోతోంది!" ఎవరో వెళ్లి స్విచ్చి పైకెత్తుతారు. కాసేపటికి అది మళ్లీ పడుతుంది. నాలుగు రోజులు ఇలా జరిగితే విసుగు పుట్టి, "ఆ స్విచ్చి తీసేసి డైరెక్టుగా కలిపేయండి" అని ఎలక్ట్రీషియన్‌తో చెప్పేవారూ ఉన్నారు. అది ఎంత ప్రమాదమో ఇంట్లో పెద్దలకు లెక్క వేసి చూపించవలసింది మీలాంటి విద్యార్థులేనని నా అభిప్రాయం.

ముందు ఆ స్విచ్చి పనేమిటో చూద్దాం. బోర్డులో ఎం.సి.బి. అనే స్విచ్చిలుంటాయి. కరెంటు మోతాదు మించినప్పుడు అవి పడి, తీగలు కాలిపోకుండా కాపాడతాయి. టెస్ట్ అనే చిన్న బొత్తాం ఉన్నది వేరే రకం. దాని పేరు ఆర్.సి.సి.బి. అది మనుషులను కాపాడుతుంది. ఫేజు తీగలో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్ తీగలో తిరిగి రావాలి కదా! రాలేదంటే కొంత ఎటో కారిపోతోందన్న మాట. అది తడిసిన గోడలోకి కావచ్చు, గీజరు లోహపు తొడుగులోకి కావచ్చు, మనిషి శరీరంలోకీ కావచ్చు. ఇళ్లలో సాధారణంగా వాడే రకంలో ఆ తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే, 0.3 సెకను లోపల కరెంటు ఆగిపోవాలి.

ఇంత కొద్ది కరెంటుకే ఎందుకు పడాలి? "కరెంటు పట్టేసింది" అంటుంటారు. అమెరికా శాస్త్రవేత్త చార్లెస్ డాల్జియల్ ఆ పట్టును కొలిచి చూశాడు. సుమారు 16 మిల్లీ ఆంపియర్లు దాటితే సగటు మగవాడి కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్న తీగను వదలలేడు. ఇప్పుడు మీరొక లెక్క చేయండి. తడి చేతులతో ఉన్న మనిషి శరీర నిరోధం 1000 ఓమ్‌లు అనుకుందాం. 230 వోల్టులను 1000తో భాగిస్తే 230 మిల్లీ ఆంపియర్లు వస్తుంది. ప్రాణం తీయడానికి అది చాలు. కాని 5 ఆంపియర్ల ఫ్యూజుకు, అంటే 5000 మిల్లీ ఆంపియర్ల ఫ్యూజుకు, అది లెక్కలోకే రాదు!

"ఏ వస్తువూ చెడిపోకుండానే పడుతోందే!" అని మీరడగవచ్చు. నిజమే, అలా జరుగుతుంది. దానికీ కారణం ఉంటుంది. వాషింగ్ మెషీను, కంప్యూటరు వంటివి బాగున్నప్పుడు కూడా రెండు మూడు మిల్లీ ఆంపియర్లు ఎర్తులోకి వదలవచ్చు. ఇలాంటివి అన్నీ కలిసి 18 అయ్యాయనుకోండి. వేసవంతా వాడని గీజరు కాయిల్లో చెమ్మ చేరి మరో 12 కలిపితే చాలు. ఒక్కొక్కటిగా చూస్తే ఏదీ దోషి కాదు, కలిస్తే స్విచ్చి పడుతుంది. ఇన్వర్టరు పెట్టినప్పుడు న్యూట్రల్ తీగలను తారుమారుగా కలిపినా పడుతుంది.

కాబట్టి పడినప్పుడల్లా ఒక పుస్తకంలో రాయండి. వేళ ఎంత? వాన పడుతోందా? ఏవేవి నడుస్తున్నాయి? అప్పుడే ఏది వేశారు? తరువాత పెద్దలచేత ప్లగ్గులన్నీ ఊడదీయించి, ఒక్కొక్కటే పెట్టించి చూడండి. స్విచ్చి ఆపితే సరిపోదు. మన గోడ స్విచ్చిలు చాలావరకు ఫేజునే తెంచుతాయి, న్యూట్రల్ కలిసే ఉంటుంది. అక్కడ న్యూట్రల్ ఎర్తుకు తగులుతుంటే, ఆపి ఉన్న వస్తువు కూడా ట్రిప్ చేయగలదు. అన్నీ ఊడదీసినా పడుతుంటే లోపం గోడలోని తీగల్లో గాని, నేరుగా కలిపిన లైట్లు, మోటార్లలో గాని, ఆ స్విచ్చిలోనే గాని ఉండాలి. అప్పుడు ఎలక్ట్రీషియన్ మెగ్గర్‌తో పరీక్షించాలి. బోర్డు విప్పడం మాత్రం మీ పని కాదు.

కొందరు ప్లగ్గులో ఎర్తు పిన్ను తీసేస్తారు. ట్రిప్పవడం ఆగుతుంది కూడా. జబ్బు నయమైందా? లేదు! కారే కరెంటుకు దారి మూసుకుపోయింది, అంతే. అది ఆ వస్తువు తొడుగులోనే కాచుకుని ఉంటుంది. దాన్ని ముట్టుకున్న చెయ్యే దానికి కొత్త దారి. పైగా ఆర్.సి.సి.బి.ని కూడా తీసేసి ఉంటే ఆ చేతిని కాపాడేదేముంది?

జ్వరం వచ్చినప్పుడు థర్మామీటరును ఎవరూ పగలగొట్టరు. ట్రిప్ స్విచ్చిని తీసేయడమూ అలాంటి పనే. మీ పుస్తకంలో తేదీ రాయండి, వేళ రాయండి, చూసినదంతా రాయండి. "ఊరికే" అన్న మాట మాత్రం రాయకండి.