వంకర ఎక్స్‌రే, నికరమైన బేరం

పక్క ఫ్లాటాయన లాబ్రడార్ పిల్లకి అడ్వాన్సు ఇవ్వబోతూ, అమ్మేవాడు వాట్సాప్‌లో పెట్టిన ఫొటో చూపించాడు. "తల్లికి హిప్ ఎక్స్‌రే కూడా తీయించారండీ, అంతా క్లియరట!" ఫిల్మును ట్యూబ్‌లైట్‌కి అడ్డంపెట్టి తీసిన ఫొటో అది. కుక్క పేరు లేదు, మైక్రోచిప్ నంబరు లేదు, తేదీ లేదు, ఏది కుడో ఏది ఎడమో గుర్తు లేదు. నడుము ఓ పక్కకి ఒరిగింది, ఒక కాలు చాపి ఉంది, ఇంకోటి సగం ముడిచి ఉంది. ఊళ్లో ఉన్న కుక్కల్లో ఏదైనా కావచ్చు.

అసలు ఎక్స్‌రే లేకపోతే, తల్లినుంచి పిల్లకి తుంటి లోపం వచ్చిందేమోనన్న అనుమానమైనా మిగులుతుంది. ఇలాంటిది ఉంటే అదీ పోతుంది. తుంటి ఎక్స్‌రేకి కుక్కని వెల్లకిలా పడుకోబెట్టి, వెనక కాళ్లు రెండూ సమానంగా చాపి, మోకాలి చిప్పలు నడిమధ్యకి వచ్చేలా కాళ్లని లోపలికి తిప్పాలి. నడుము ఏమాత్రం ఒరిగినా ఒక తుంటి ఉన్నదానికన్నా మెరుగ్గా, రెండోది అధ్వానంగా కనిపిస్తుంది. మెలకువగా ఉన్న ముప్ఫై కిలోల జంతువు అలా పడుకుంటుందా? పైగా భయంతో కండరాలు బిగిస్తే వదులు కీలూ గట్టిదాన్లా కనిపించొచ్చు. అందుకే మత్తు ఇవ్వడం. మనవాళ్లకేమో మత్తంటే హడల్. బదులుగా ఇద్దరు కుర్రాళ్లు లెడ్ ఏప్రన్ కూడా లేకుండా కాళ్లు గుంజి పట్టుకుంటారు. ఆ కుర్రాళ్ల మీద పడే రేడియేషన్ గురించి మాత్రం ఎవరికీ హడల్ లేదు.

ఇక మోచేతుల ఊసే ఉండదు. లాబ్రడార్లు, రాట్‌వైలర్లు, జర్మన్ షెపర్డ్‌లు చిన్నవయసులోనే ముందుకాలు కుంటితే మొదట అనుమానించాల్సింది అక్కడే. రెండు మోచేతులూ బాగా మడిచి, పక్కనుంచి తీయించాలి.

అమెరికాలో ఓఎఫ్‌ఏ అనే సంస్థ 1966 నుంచి ఈ పని మీదే ఉంది. ఒక్కో తుంటి ఎక్స్‌రేని ముగ్గురు రేడియాలజిస్టులు విడివిడిగా చూస్తారు. రెండేళ్లు నిండితేగానీ తుది గ్రేడు ఇవ్వరు. పెన్‌హిప్ పద్ధతిలోనైతే 16 వారాలకే కీలు ఎంత వదులో కొలుస్తారు, అదీ మత్తులోనే, అందులో శిక్షణ పొందిన డాక్టరే. మన 2017 బ్రీడింగ్ నిబంధనలు ఆడకుక్కకి 18 నెలలు నిండితే చాలన్నాయి. అంటే తుంటి సంగతి తేలేలోపే ఓ కాన్పు అయిపోవచ్చు. కెన్నెల్ క్లబ్ కాగితం ఉందిగా అంటారు. అది తాతముత్తాతల పేర్లు చెబుతుంది, కీళ్ల సంగతి చెప్పదు.

సరే, తల్లిదండ్రులిద్దరి ఎక్స్‌రేలూ బంగారంలా ఉన్నాయనుకుందాం. ఇంటికి తెచ్చాక మనం ఊరుకుంటామా? పెరుగన్నం, నెయ్యి, బిస్కెట్లు, పైన కాల్షియం సిరప్. పెద్దజాతి పిల్లకి కాల్షియం ఎక్కువైతే ఎముకల ఎదుగుదలే దెబ్బతింటుంది. పెంపుడు జంతువుల తిండి తయారుచేసే ప్యూరినా వాళ్లు 48 లాబ్రడార్లని జంటలుగా విడదీసి, ప్రతి జంటలో ఒకదానికి నాలుగోవంతు తిండి తగ్గించి పెంచారు. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, తుంటి కీళ్లు అరగడం కూడా వాటికి ఆలస్యమైంది. ఇది చెబితే "పాపం, నోరులేని జీవమండీ" అంటారు. నోరు లేకపోవడమేమిటి, రోజంతా ఆడుతూనే ఉంటేనూ!

మా కాంప్లెక్స్‌లో ఓ గోల్డెన్ రిట్రీవర్ ఉంది. ఏడాది నిండలేదు, అప్పుడే పీపాలా తయారైంది. అద్దంలా మెరిసే టైల్స్ మీద లేవబోయి నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకి జారుతుంటే, సాయంత్రం మిర్చిబజ్జీ తుంచి పెట్టే పెద్దమనిషి ముచ్చటపడి నవ్వుతాడు. లాబీలో ఆ టైల్స్ పట్టుబట్టి వేయించిందీ ఆయనే. అసోసియేషన్ ప్రెసిడెంటు మరి.